కాలిన పిల్లి తిరగదు

మా మల్లమ్మక్క గురించి మంచిగా రాయమంటే మా వాడలో ఎవరైనా రాస్తారు. అందుకే నేను రాస్తున్నాను. పొగిడేవాళ్ళు ఒకసారి చూసి తృప్తిపడి పోతారు. ఆమెను చూసి ఇన్నేళ్ళుగా కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నదాన్ని నేను. నాకు కనిపించినంత ఆమె ఇంకెవరికీ కనిపించి ఉండదు.

అక్క అంటున్నానుగానీ తోడబుట్టింది కాదు. మా బావ ఎల్లన్న భార్య, నాకు తోటికోడలు. గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. ముందరి గదిలో రెండు గుంట మగ్గాలు, ఒకదాంట్లో బావ, ఇంకోదాంట్లో మా ఆయన కూర్చుంటారు. గద్వాల చీర అంటే ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట దారానికి దారం మెలేసి అతకాలి. రెండు మగ్గాలకూ ఆ అతుకు వేసేది మల్లమ్మక్కే. ఆమె వేసిన చోట కళ్ళు మూసుకుని తడిమి చూడండి, నూలు ఎక్కడ అయిపోయిందో పట్టు ఎక్కడ మొదలైందో వేలికి తెలియదు. చీరలు చూడడానికి వచ్చినవాళ్ళు ఆ అంచు మీద వేలు పోనిచ్చి, "ఇది ఎవరి చెయ్యి?" అని అడుగుతారు. కండెలు ఎవరు చుట్టారని ఎవరూ అడగరు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే ఆ చిన్న పుల్లలకు పొద్దంతా రాట్నం ముందు కూర్చుని దారం చుట్టేది నేను.

అదొక్కటే అయితే సర్దుకుపోయేదాన్ని. కూర వండింది నేనైనా ఉప్పు చూడమని అత్తమ్మ పిలిచేది మల్లమ్మనే. నా కడుపున పుట్టిన మనీషా జడ వేయించుకోవడానికి పెద్దమ్మ దగ్గరికే పోతుంది. నేను వేస్తే నెత్తి గుంజుతుందట. పోనీ అక్క ఇవన్నీ లాక్కుందా అంటే, అదీ లేదు. ఆమె ఎవరినీ ఏదీ అడగదు. నాకు కడుపుమంట అక్కడే. అడిగి తీసుకుంటే పోట్లాడవచ్చు. అన్నీ వాటంతట అవే నడుచుకుంటూ పోయి ఆమె ఒళ్ళో కూర్చుంటే ఎవరితో పోట్లాడాలి?

పిల్లి కూడా అంతే.

జరీని తెచ్చింది నేను. నా పుట్టిల్లు అమరచింత నుంచి కండెల బుట్టలో పెట్టి, మీద తువ్వాల కప్పి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మగ్గాల ఇంట్లో పిల్లి ముద్దుకోసం ఉండదు. పడుగుకు గంజి పెడతాం, గంజి పెట్టిన దారమంటే ఎలుకలకు పెళ్ళి భోజనం. ఒక్క ఎలుక దూరిందంటే చేసిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఒంటి మీద పసుపు చారలు చూసి జరీ అని పేరు పెట్టింది నేను. పాలు పోసింది నేను. చిన్నప్పుడు దానికి గోమార్లు పట్టుకుంటే వెంట్రుక వెంట్రుకా వెతికి తీసింది కూడా నేనే.

అక్క పుట్టిల్లు తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి. ఆ వైపువాళ్ళ మాటల్లో కన్నడం దొర్లుతుంటుంది. మగ్గం పక్కన కూర్చుని, తల కూడా ఎత్తకుండా, రమ్మన్నట్టు "బా" అంటుంది. అంతే. నేను పోసిన పాలు సగంలో వదిలేసి, మూతి నాక్కుంటూ జరీ ఆమె ఒళ్ళోకి పోతుంది. నేను "రా, రా" అని గొంతు ఎండేలా పిలిస్తే చెవి ఒక్కటి ఇటు తిప్పుతుంది, ఒళ్ళు తిప్పదు. ఒక పిల్లికోసం తోటికోడలి మీద కుళ్ళుకునే మనిషి ఉంటుందా అని మీరు అనుకోవచ్చు. ఉంటుంది. ఆమె పేరు నవనీత.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున పెరట్లో పట్టుకు రంగు వేస్తున్నాం. పొయ్యి మీద రాగి గుండిగలో కుంకుమ రంగు నీళ్ళు సలసల మరుగుతున్నాయి. గుండిగ మీద అడ్డంగా చెక్క వేసి ఉంది. దారం కట్టలు తేవడానికి నేను అటు తిరిగాను. పెరటి తలుపులోంచి వీధికుక్క ఒకటి జరీని తరుముకుంటూ వచ్చింది. జరీ ఎగిరి ఆ చెక్క మీదికి దూకింది. చెక్క జారింది. లోపల పడలేదుగానీ, మరుగుతున్న రంగు చిమ్మి దాని వీపు మీద, వెనక తొడ మీద పడింది. అది పెట్టిన కూత పిల్లి కూతలా లేదు.

నేను దానికి రెండడుగుల దూరంలో ఉన్నాను. చేతులు చాచాను. అది నా చేతుల కిందినుంచి దూసుకుని, వంటిల్లు దాటి, మగ్గాల గదిలోకి పోయి అక్క ఒళ్ళో పడింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా దానికి తోచిన చోటు అదే. నేను లోపలికి పోయేసరికి అక్క చీరంతా ఎర్రగా ఉంది.

"నీళ్ళతోని కడుగుదాం అక్కా, రంగయినా పోతది," అన్నాను.

"కాలినదాని మీద నీళ్ళు పోస్తరా ఎవరన్న?" అని అత్తమ్మ అందుకుంది. "బొబ్బలెక్కుతయి. గంజి రాయి మల్లమ్మా."

రంగు గుండిగ దగ్గర చెయ్యి కాలని ఆడది మా వాడలో లేదు. కాలితే గంజిలో ముంచడమే మాకు తెలిసిన మందు. మా అత్తమ్మ అదే చేసింది, ఆమె అత్త అదే చేసింది. మరునాటి పడుగుకోసం కాచి చల్లార్చిన గంజి ఇంట్లో ఎప్పుడూ ఉండనే ఉంటుంది. అక్క దోసిళ్ళతో తీసి జరీ వీపు నిండా మెత్తింది. చల్లగా తగిలిందేమో, అది వణుకుతూనే కళ్ళు మూసుకుంది. కాసేపటికి గంజి ఎండి బొచ్చు అట్టకట్టింది. సాయంత్రానికి నాలుగు ముద్దలు తింది కూడా. చూడవచ్చిన పక్కింటి భాగ్యమ్మ, "మల్లమ్మ చెయ్యి వడ్డది, ఇగ దానికేం గాదు," అని తీర్పు చెప్పి పోయింది. నేను రాట్నం ముందుకు పోయి కూర్చున్నాను.

ఇల్లంతా నమ్మింది. నమ్మేవాళ్ళు మళ్ళీ చూడరు. నాలాంటి ఓర్వలేనివాళ్ళే చూస్తారు. జరీ అక్క దగ్గర ఎంతసేపు ఉంది, నా దగ్గరికి ఎప్పుడు వచ్చింది అని రోజూ కాపలా కాసే కళ్ళు నావి. మూడోనాటికి ఆ కళ్ళకు తేడా కనిపించింది.

కుదురు లేకుండా తిరిగేవాళ్ళను కాలుగాలిన పిల్లి అంటాం కదా. కాలు సంగతి నాకు తెలియదుగానీ, వీపు కాలిన పిల్లి తిరగదు. బావ మగ్గం గుంటలో, ఆయన కాళ్ళ పక్కన చీకటి మూల చూసుకుని, నాలుగు కాళ్ళూ కిందికి ముడుచుకుని ఉండిపోయింది. గోడ గూట్లోకి ఎగరడం మానేసింది. ఎలుక కిచకిచమన్నా తల తిప్పలేదు. తొడ మీద ఒకటే చోట నాకుతుంది, ఆగుతుంది, మళ్ళీ అక్కడే నాకుతుంది. అన్నిటికంటే నన్ను ఆపింది ఇంకోటి. అక్క "బా" అంటే లేవలేదు. మొదటిసారి ఆమె పిలిచినా పోలేదని తెలిసి నాకు సంతోషం కలగాలి. కలగలేదు. భయం వేసింది.

మగ్గం ఆగిన వేళ చూసి గుంటలోకి దిగి మెల్లగా దాని వీపు మీద చెయ్యి వేశాను. అట్టకట్టిన బొచ్చు కింద ఒళ్ళు వేడిగా ఉంది. పిల్లి మూలిగింది. నా చేతిలోకి బొచ్చు కుచ్చు ఊడి వచ్చింది, దాని అడుగున తడి కాగితంలా తోలు పొర. వాసన ముక్కుకు కొట్టింది. ఎర్రగా ఉన్నది రంగో గాయమో అప్పటికీ పోల్చుకోలేకపోయాను. మా ఇంట్లో గోడలు, గోళ్ళు, గుమ్మాలు, అన్నిటి మీదా ఎరుపే.

పైకి వస్తే అక్క వంటింట్లో గిన్నెలో పాలు పోస్తోంది.

"మీ బావ జ్వరం గోలీ ఇచ్చిండు," అంది. "సగం నూరి పాలల్ల కలిపి తాపుత. నొప్పి జర తగ్గుతదేమో."

"గోలీ గీలీ వద్దక్కా. లోపల కుళ్ళింది. నడువు, పశువుల దవాఖానకు పోదాం."

నా మాట విని ఆమె వాదించలేదు. మాత్రను కొంగుకు ముడేసుకుని చెప్పులు వేసుకుంది.

జరీని మళ్ళీ కండెల బుట్టలోనే పెట్టాను. ఆటోలో బుట్ట నా ఒళ్ళో ఉంది, అక్క చెయ్యి బుట్ట అంచు మీద ఉంది. దవాఖాన వాకిట్లో మేకలు, ఎడ్లు, బర్రెలు. ధరూరు నుంచి దూడను తోలుకొచ్చిన ఒకాయన బుట్టలోకి తొంగిచూసి నవ్వాడు. "పిల్లిని గూడ పట్టుకొస్తున్నరా అమ్మా దవాఖానకు?" అన్నాడు. బుట్ట మీద తువ్వాల సర్దుతూ అక్క అంది, "ప్రాణం గాదాన్నా అది."

డాక్టరమ్మ పేరు ఉమ. ముందు గాయం చూడలేదు. జరీ పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది, మెడ మీద తోలు చిటికెతో ఎత్తి వదిలి అది ఎంత నెమ్మదిగా దిగుతుందో చూసింది. ఒంట్లో నీళ్ళు బాగా తగ్గాయంది. ఆ తర్వాత, "ఏం పడ్డది? మీద ఏం రాసిన్రు?" అని అడిగింది. అక్క చెప్పింది, ఏదీ దాచలేదు.

గోరువెచ్చని సెలైన్ నీళ్ళలో దూది ముంచి, ఆమె చాలాసేపు ఆ గంజిని నానబెట్టింది. గుంజలేదు. నానిన తర్వాత మెషిన్‌తో చుట్టూ బొచ్చు తీసింది. అప్పుడు బయటపడింది. వీపు నుంచి తొడ దాకా, నా అరచెయ్యికంటే పెద్దది. నడుమ తెల్లగా, అంచుల్లో చీము.

"మనకైతే తోలు కనవడతది, ఎర్రగైతది, బొబ్బ లేస్తది," అంది ఉమ. "వీటికి బొచ్చు కప్పేస్తది. లోపల కాలింది పైకి తెలిసేసరికి రోజులు గడుస్తయి. మీరేమో దాని మీద రంగు, రంగు మీద గంజి. ఇగ ఎట్ల కనవడ్తది చెప్పు. గంజి ఎండితే తోలును గుంజుతది, కింద చీము పడ్తది."

"మరేం జెయ్యాలుండె మేడం?" అని అడిగాను.

"కాలంగనే నీళ్ళు. మామూలు కుళాయి నీళ్ళు, ఐస్ గాదు. లోపలి వేడి పోయేదాక ఓపికగ పొయ్యాలె. పసుపు, నూనె, పేస్టు, గంజి ఏదీ వద్దు. కాలినచోట శుభ్రమైన తడిబట్ట కప్పి, మిగతా ఒళ్ళు చలిపెట్టకుంట చూస్కుంట తీస్కరావాలె. పైకి ఏం కనవడకున్నా ఒకటే జాగల నాకుతున్నా, ముట్టనియ్యకున్నా, బొచ్చు పాయలుగ ఊడినా, లోపల ఉన్నట్టే లెక్క." సూదిమందు ఎక్కిస్తూ ఆమె తల తిప్పింది. "నొప్పికి ఏమన్న గోలీ ఏసిండ్రా? మనం జ్వరానికి ఏసుకునేది?"

అక్క చెయ్యి కొంగు మీదికి పోయింది. "ఏస్తే ఏమైతది మేడం?"

"పిల్లి సస్తది. సగం గోలీ గూడ ఎక్కువే దానికి."

అక్క కొంగుముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. దారానికి దారం కనబడకుండా అతికే వేళ్ళు ఆ ఒక్క ముడి దగ్గర తడబడ్డాయి. మాత్రను చెత్తబుట్టలో వేసి, చెయ్యి చీరకు తుడుచుకుంది.

బతుకుతుందని ఉమ మాట ఇవ్వలేదు. చీము నెత్తురులో కలిస్తే తన చేతుల్లో ఏమీ ఉండదంది. రోజూ పొద్దున, సాయంత్రం సెలైన్‌తో కడగాలి, మెత్తబడిన చచ్చిన తోలును తుడవాలి, మందు రాసి గాజుగుడ్డ కట్టాలి, నాకకుండా మెడకు అట్ట కట్టాలి. "ఇద్దరు కావాలె. ఎవరికి బాగ మచ్చికనో వాళ్ళు పట్టుకోండ్రి, ఇంకొకరు కడగండ్రి. కడిగినోళ్ళను మాత్రం అది మర్చిపోదు. వాళ్ళ వాసనొస్తెనే పారిపోతది," అని నవ్వింది.

ఆటోలో నా కడుపు మండిపోయింది. అంతా తేటగా కనిపిస్తోంది. మచ్చికైంది అక్కకు, పట్టుకునేది అక్క, ఒళ్ళో పెట్టుకుని ఓదార్చేది అక్క. నొప్పి పెట్టేది నేను. పాలు పోసిన చేతులతోనే ఇప్పుడు ఆ పిల్లికి నేను యముణ్ణి కావాలి.

దారిలో అక్క ఒక్కటే మాట అంది. "నువ్వు నీళ్ళు పోద్దామన్నవు. నేను ఇనలే." ఆమె నోట "తప్పు నాదే" అనే మాట వినాలని ఎన్నేళ్ళు ఎదురుచూశానో. విన్నాను. రుచి లేదు. నేను నీళ్ళన్నది రంగు పోవడానికే తప్ప వైద్యం తెలిసి కాదు, ఆ సంగతి నాకు తెలుసు.

ఇంటికి వచ్చాక చీరలు పెట్టే అట్టపెట్టె కోసి జరీ మెడకు గరాటులా కట్టాం. సాయంత్రం కడగాల్సిన వేళకు నేను దూది అందుకోబోతే అక్క నా చేతిలోంచి తీసుకుంది.

"నువ్వు పట్టుకో నవనీతా. నేను కడుగుత."

ఇక్కడ కూడా పెద్దరికమేనా అనుకున్నాను. డాక్టరమ్మ తర్వాత డాక్టరమ్మ అనిపించుకోవాలని ఉందేమో అనుకున్నాను. మాట పెంచకుండా పిల్లిని ఒళ్ళో పెట్టుకుని తువ్వాలతో చుట్టాను. దూది తగలగానే జరీ ఒర్లింది. ఆ గొంతు విని మనీషా చెవులు మూసుకుని వీధిలోకి పోయింది. అక్క చెయ్యి ఆగలేదు. మెల్లగా, అంచు నుంచి నడిమికి, దారం తెగకుండా చిక్కు తీసినట్టు కడిగింది. తువ్వాలలోంచి జరీ కాలు బయటికి వచ్చి ఆమె చెయ్యి గీరింది. నెత్తురు వచ్చింది. పని పూర్తయ్యాకే అక్క దాన్ని తుడుచుకుంది.

అట్లా రోజూ. అక్క చేతుల మీద గీతలు ఎక్కువయ్యాయి, మందునీళ్ళకు వేళ్ళ చివర్లు గరుకెక్కాయి. గరుకు వేళ్ళు పట్టును పట్టుకుంటే పోగు లేస్తుంది. అంచు మీద పోగులు చూసి బావ దగ్గాడు. అక్కే లేచింది. "కొన్నొద్దులు నవనీత అతుకుతది తీ," అంది. అట్లా ఆమె చోటు నాకు వచ్చింది. ఆమె రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టింది. చీరలు చూడడానికి వచ్చిన ఒకామె అంచు మీద వేలు పోనిచ్చి, అతుకు దగ్గర ఆగి, ఏమీ అడగకుండా పక్క చీర తీసుకుంది. ఆ వేలు ఎందుకు ఆగిందో నాకు తెలుసు.

ఆ రోజు కోపం పట్టలేక అడిగేశాను. "నువ్వెందుకు పట్టుకోవక్కా? నీ ఒళ్ళనైతే గింత ఒర్లదు గదా. నన్నెందుకు పట్టుకోమంటవు?"

అక్క రాట్నం ఆపింది. "నొప్పి వెట్టెటోళ్ళు ఒకరు గావాలె, దాన్ని దగ్గర తీస్కునెటోళ్ళు ఒకరు గావాలె. కాలినదాని మీద గంజి మెత్తింది నేను. నొప్పి నా చేతులనే ఉండనియ్యి." మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. నా వైపు చూడకుండా అంది. "నువ్వు గూడ ఎన్నొద్దుల సంది దానికోసం సూస్తున్నవు. నాకు తెల్వదా?"

ఆమెకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. నా కుళ్ళంతా కొంగు చాటునే దాచుకున్నానని నేను అనుకుంటూ ఉన్నాను. ఆ క్షణాన ఆమెను కొట్టాలనిపించింది.

జరీ బతికింది. మొదట దాహం తీరేలా నీళ్ళు తాగింది, తర్వాత నా వేళ్ళ మధ్యనుంచి ముద్ద నాకింది. పుండు ఎర్రటి కొత్త మాంసం పట్టుకుని అంచులనుంచి దగ్గరికి మూసుకుంది. నడుమ బొచ్చు రాలేదు, చుట్టూ మాత్రం తెల్లగా వచ్చింది, పసుపు జరీలో వెండి జరీ కలిపినట్టు. ఇప్పుడు గూట్లోకి ఎగురుతుంది, ఎలుకలను పడుతుంది. రాట్నం దగ్గర నేను కూర్చోగానే ఒళ్ళోకి వచ్చి పడుకుంటుంది. నేను పిలవనక్కరలేదు.

అక్క గదిలోకి వస్తే లేచి గోడ పక్కగా జారుకుంటుంది. చేతులు మానాయి, మగ్గం పక్కన తన చోటికి ఆమె తిరిగి వచ్చింది, అంచు మీద ఎవరి వేలూ ఇప్పుడు ఆగడం లేదు. కానీ "బా" అనడం మానేసింది. పిలిస్తే అది భయపడుతుందని. జరీ పడుకున్న వైపు రావలసి వస్తే చుట్టు తిరిగి వాకిట్లోంచి వస్తుంది. కోరుకున్న పిల్లి నా ఒళ్ళో ఉంది, ఇప్పటికీ నేను ఆమెను చూసే కుళ్ళుకుంటున్నాను. తనదాన్ని అంత తేలిగ్గా చేతులారా వదులుకోగలగడం నాకు ఈ జన్మలో రాదు.

మొన్న తమ్ముడి కూతురి చీర కట్టించే ఫంక్షన్ అని ఆమె రాజోలి పోయింది. ఆమె లేని ఆ మధ్యాహ్నాలు జరీ నా ఒళ్ళోకి రాలేదు. వెతికితే మగ్గం పక్కన అక్క కూర్చునే బొంత మీద, ముఖం దాంట్లో దూర్చి పడుకుని ఉంది. నేను గుమ్మంలో నిలబడి, ఎన్నడూ అననిది, మెల్లగా "బా" అన్నాను. చప్పున లేచి కూర్చుంది. నా వైపు చూడలేదు. వాకిలి వైపు చూసింది. చాలాసేపు అటే చూసింది.

అక్క తిరిగి వచ్చింది. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే. కానీ ఆమె ఏదీ అడగదు కదా.